మంత్రిగారి పొగపెట్టె

నిప్పు లేకుండా పొగ రప్పిస్తానని విద్యుత్ శాఖ మంత్రిగారు ప్రకటించిన రోజున విలేకరులెవరూ నవ్వలేదు. మంత్రిగారి ప్రెస్‌మీట్‌లో నవ్వొస్తే దగ్గాలన్న క్రమశిక్షణ వాళ్ళకి ఎప్పుడో అలవాటైంది. ఆ రోజు మాత్రం దగ్గులు కాస్త ఎక్కువగా వినిపించాయి.

"మేం కొన్న కొత్త ట్రాన్స్‌ఫార్మర్లలో ఏదో జరిగిందంటున్నారు ప్రతిపక్షం వాళ్ళు. ఏం జరిగిందయ్యా అంటే చెప్పరు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అంటారు. వాళ్ళ దగ్గరున్న ఆధారమల్లా ఆ ఒక్క సామెతే!" అని మంత్రిగారు బల్ల మీద గుద్దారు. "వచ్చే ఆదివారం మా ఆఫీసు ముందున్న మైదానంలో, ప్రజల సమక్షంలో, ఆ ఆధారాన్ని నేను పటాపంచలు చేస్తాను. అగ్గిపుల్ల ఉండదు. బొగ్గుండదు. మంట ఉండదు. పొగ ఉంటుంది! ఆ కొత్త ట్రాన్స్‌ఫార్మర్ల కరెంటుతోనే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, రెప్పపాటు అంతరాయం లేకుండా పొగ వస్తుంది. ఆ పొగలో మాంసం ఉడుకుతుంది. అది మీరే తింటారు."

చివరి మాటకి విలేకరులు పెన్నులు తీశారు.

ఒక సామెతని ప్రభుత్వం తరఫున రద్దు చేయడం అదే మొదటిసారి. అంత గొప్ప ఆలోచనకి మూలపురుషుడు ఎవరయ్యా అంటే, హాల్లో వెనకవరసలో స్తంభం చాటున కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్న మంత్రిగారి బావమరిది.

బావమరిది మంచివాడు. చదువుకున్నాడు. ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "మంత్రిగారి బావమరిది" అని ఊళ్ళోవాళ్ళే చెప్పేవారు, అతను చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఆ హోదాలో అతను చాలా వ్యాపారాలు మొదలుపెట్టాడు. అన్నీ మొదలయ్యాయి. ఆఖరికి విసిగిపోయి, కిందటేడు ఒక ఎలక్ట్రిక్ స్మోకర్ కొని బాల్కనీలో పెట్టుకున్నాడు. చూడ్డానికి చిన్న ఫ్రిజ్‌లా ఉంటుంది. లోపల కరెంటు తీగ వేడెక్కుతుంది, దాని మీద తట్టలో చెక్కముక్కలు మాడి పొగ వస్తుంది, ఆ సన్నని వేడికీ పొగకీ మాంసం గంటల తరబడి మెత్తబడుతుంది. దానికతను పొగపెట్టె అని పేరు పెట్టాడు.

మొదట్లో దాంట్లోంచి వచ్చిన మాంసం కారు టైరుకి చుట్టంలా ఉండేది. చేదు. అతను పట్టు వదల్లేదు. చెక్కముక్కలు నానబెడితే ఆవిరి తప్ప పొగ రాదని తెలుసుకున్నాడు. దట్టంగా తెల్లటి పొగ వస్తోందంటే మాంసం చేదెక్కుతున్నట్టే అని, కనీకనపడని నీలిపొగే అసలైన పొగ అని తెలుసుకున్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎలా ఉందో చూద్దామని పదేపదే తలుపు తెరిస్తే వేడంతా పోయి వంట మళ్ళీ మొదటికొస్తుందని తెలుసుకున్నాడు. ఉప్పు రాసి, ఆరబెట్టి, పెట్టెలో పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని, దాని ముఖం చూస్తూ పొద్దంతా కూర్చునేవాడు.

"ఇన్నేళ్ళకి ఈ మనిషికి ఓపిక వచ్చింది. అదీ గొర్రె మీద" అనేది భార్య.

ఆ గొర్రె జబ్బని ఒక ఆదివారం బావగారు తిన్నారు. ఎముక పట్టుకుని లాగితే మాంసం దానంతటది జారిపోయింది. మంత్రిగారు నమలడం ఆపి పెట్టె వైపు చూశారు.

"మంటేదిరా?"

"మంటుండదు బావా. కరెంటే."

"మరి పొగ?"

"వస్తుంది."

మంత్రిగారు ఎముక పళ్ళెంలో పెట్టి చాలాసేపు ఆలోచించారు. రాజకీయాల్లో పొగపెట్టడం ఆయనకి కొత్త కాదు. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్నాయనకి పొగపెట్టి పంపించింది ఈయనే. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ల పేరు చెప్పి ఈయనకి పొగపెట్టేవాళ్ళు సొంత పార్టీలోనే తయారయ్యారు. కానీ నిప్పు లేని పొగ ఒకటుంటుందని, దాన్ని స్విచ్ వేసి జనానికి చూపించొచ్చని ఆయనకి అంతవరకూ తట్టలేదు.

"ఒరేయ్ బామ్మర్దీ, నువ్వు నాకు ఇన్నాళ్ళూ భారం అనుకున్నాన్రా" అన్నారు కళ్ళు చెమర్చగా. బావమరిదికి అందులో భారం అన్న ముక్క వినపడలేదు.

*

పొగపెట్టె మీద హైలెవెల్ రివ్యూ మీటింగ్ జరిగింది. చీఫ్ ఇంజనీరుగారు పదకొండుమంది అధికారులతో వచ్చారు. బావమరిదిని మంత్రిగారి పక్క కుర్చీలో కూర్చోబెట్టి, అందరూ "బావమరిదిగారూ" అని పిలిచారు. అతని జీవితంలో ఒక గదిలో ఇంతమంది అతను చెప్పేది వినడం అదే మొదలు. గొంతు సవరించుకుని తనకు తెలిసిందంతా చెప్పాడు.

"పైన చిన్న కన్నం ఉంది సార్, పొగ పోవడానికి. దాన్ని మూయకూడదు."

"అంటే తయారైన పొగని బయటికి వదిలేస్తున్నామన్నమాట" అన్నారు చీఫ్ ఇంజనీరుగారు బాధగా. "నష్టాలు. మా లైన్లలోనూ ఇదే సమస్య."

"నష్టం కాదు సార్, పొగ లోపల నిలవుంటే మాంసం చేదెక్కుతుంది."

"ఎంత శాతం నష్టం?"

మంత్రిగారు అందుకున్నారు. "అది సరే గానీ, నాకు పొగ కనపడాలి. నువ్వు పెట్టేది నీలంగా, ఉందో లేదో తెలీకుండా ఉంది. టీవీలో ఏం కనపడుతుంది? మబ్బులా లేవాలి."

"చేదొస్తుంది బావా."

"జనానికా, మాంసానికా?"

"మాంసానికి."

"మరింకేం!"

కానీ మాంసం విషయంలో బావమరిది లొంగే మనిషి కాదు. పెళ్ళప్పుడు కూడా అంత పట్టుబట్టలేదతను. నిదానమే ప్రధానం అన్నాడు. మంత్రిగారు ఆలస్యం అమృతం విషం అన్నారు. మీటింగ్ వేడెక్కింది. ఆఖరికి మంత్రిగారి పీఏ రాజీ కుదిర్చాడు: పెట్టెలోంచి నీలిపొగే వస్తుంది, టీవీ కోసం తెల్లపొగ స్టేజీ వెనకనుంచి నాటకాలవాళ్ళ మిషన్‌తో వదులుతారు. "రెండు పొగలూ మనవే సార్" అన్నాడతను. ఈ పరిష్కారాన్ని అందరూ మెచ్చుకున్నారు.

"ఇంకొక్కటే" అన్నాడు బావమరిది లేచి నిలబడి. "దయచేసి ఎవ్వరూ తలుపు తెరవకూడదు."

"ఎవ్వరూ తెరవరు" అని మంత్రిగారు హామీ ఇచ్చారు. హామీ ఇవ్వడంలో ఆయనకున్న అనుభవం అందరికీ తెలిసిందే.

*

ఆదివారం పొద్దున్నే మైదానం కళకళలాడింది. స్టేజీ మధ్యలో పొగపెట్టె. దానికి ఎర్ర రిబ్బను. ఎదురుగా మూడు వందల కుర్చీలు, వాటిలో పార్టీ కార్యకర్తలు. బావమరిది నాలుగు గొర్రె జబ్బలని పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు లోపల సర్ది, లావుపాటి ముక్కలోకి థర్మామీటరు సూది గుచ్చి, తలుపు వేశాడు. కాసేపటికి పై కన్నంలోంచి నీలంగా ఒక సన్నని తీగ లేచింది. అతనికి గుండె నిండింది.

మంత్రిగారు వచ్చి, రిబ్బను కట్ చేసి, తలుపు తెరిచారు.

"బావా!"

"ప్రారంభోత్సవం కదరా."

ఫోటోలకోసం ఆ తలుపు చాలాసేపు తెరిచే ఉంది. పెట్టె తలుపు మీద వేడి చూపించే అంకెలు జారిపోయాయి. బావమరిది ముఖం పాలిపోవడం చూసి చీఫ్ ఇంజనీరుగారు పరిగెత్తుకొచ్చారు.

"ఏమైందండీ?"

"వేడి పడిపోయింది సార్."

"లోడ్ ఎక్కువైనట్టుంది. ఉండండి" అని ఫోన్ తీసి, "స్టేషన్ వెనక పేట ఆపెయ్" అన్నారు.

"పేట ఎందుకు సార్? ఇది ఒక ఇస్త్రీపెట్టె తినేంత కరెంటు కూడా తినదు!"

"ఇస్త్రీపెట్టెని మంత్రిగారు ప్రారంభించరు కదండీ" అన్నారు చీఫ్ ఇంజనీరుగారు ఓపికగా.

ఆ తర్వాత యువజన విభాగం అధ్యక్షుడు వచ్చి తలుపు తెరిచి ఫోటో దిగాడు. అంకెలు పడిపోయాయి. చీఫ్ ఇంజనీరుగారు కూరగాయల మార్కెట్టు ఆపించారు. మహిళా విభాగం వాళ్ళు తమని చిన్నచూపు చూస్తున్నారని అలిగితే వాళ్ళకీ తెరిచారు. టైలర్ల వీధి పోయింది. పొరుగు నియోజకవర్గం నాయకుడు, లోపల నిజంగా మాంసమే ఉందా అని వేలుపెట్టి చూశాడు. ఆయన వేలు కాలింది, కాలేజీ రోడ్డు చీకటైంది. పిండిమిల్లు ఆగింది. ఐస్ ఫ్యాక్టరీ కరగడం మొదలెట్టింది. తలుపు తెరిచినప్పుడల్లా ఊళ్ళో ఒక ముక్క ఆరిపోతూ వచ్చింది. మైకులో మాత్రం "ఇప్పటివరకూ ఒక్క క్షణం కూడా కరెంటు పోలేదు!" అని ప్రకటన వస్తూనే ఉంది. మైదానం వరకూ అది అక్షరాలా నిజం.

మధ్యాహ్నం బావమరిది ఫోన్ మోగింది. భార్య.

"ఏవండీ, కరెంటు పోయింది. అమ్మ లిఫ్ట్‌లో ఇరుక్కుంది."

"ఏ అంతస్తులో?"

"ఏ అంతస్తూ కాదు. మధ్యలో. కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. మీరక్కడే ఉన్నారుగా, కాస్త చెప్పి వేయించండి."

బావమరిది చీఫ్ ఇంజనీరుగారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన బాధపడ్డారు. ఆయనకీ ఒక అత్తగారు ఉన్నారట. "కానీ మీ వీధి వేస్తే ఐస్ ఫ్యాక్టరీ కూడా వెయ్యాలండీ, ఒకే లైను. మంత్రిగారితో ఒక్క మాట అనిపించండి."

మంత్రిగారు బావమరిది భుజమ్మీద చెయ్యి వేశారు. "మీ అత్తగారి త్యాగం వృథా పోదురా. సాయంత్రం మైకులో పేరు చెప్తాను."

"పేరొద్దు బావా, కరెంటు..."

"సరే, నువ్వే చెప్పు. వేయిస్తాను. కానీ అటు వేస్తే ఇటు పోతుందంటున్నాడు ఈయన. వేయించమంటావా?"

బావమరిది పెట్టె వైపు చూశాడు. ఇంత జరిగినా మాంసం డెబ్భై డిగ్రీలకి వచ్చింది. ఇప్పుడు చల్లారితే రాయైపోతుంది. ఏడాదిగా బాల్కనీలో ఒంటరిగా కూర్చుని నేర్చుకున్న విద్య, మూడు వందల మంది ఎదురుగా... చేతిలోని ఫోన్‌లోంచి అత్తగారు గట్టిగా ఎవరినో తిడుతున్న గొంతు వినపడుతోంది. ఎవరినో కాదు.

"ఇదిగో" అన్నాడు ఫోన్‌లో, నెమ్మదిగా. "ఇంకాస్త ఓపిక పట్టమను. పక్కింటివాళ్ళు సాయానికొస్తే రానీ గానీ, పదేపదే తలుపు తెరవొద్దని చెప్పు."

"ఏం తలుపు?" అంది భార్య.

ఏం తలుపో తనకీ అర్థమయ్యేలోపు ఫోన్ కట్టయింది. బావమరిది మళ్ళీ చేద్దామనుకున్నాడు. చెయ్యలేదు. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ అతనికి చెవులు వేడెక్కుతాయి. ఆ క్షణంలో మాత్రం అతని చూపు థర్మామీటరు మీదుంది.

థర్మామీటరు డెబ్భై దగ్గర ఆగిపోయింది.

ఇది కొత్తేం కాదు. పెద్ద మాంసం ఆ వేడి దగ్గరికి రాగానే చెమటపట్టి, ఆ చెమటకి తనే చల్లబడుతూ, ఆఫీసులో ఫైలులా గంటల తరబడి కదలకుండా కూర్చుంటుంది. దాన్నేమీ చేయకూడదు. దానికి బుద్ధి పుట్టినప్పుడు అదే కదులుతుంది. ఈ మాట బావమరిది మంత్రిగారికి చెప్పాడు.

"కదలకపోవడమేమిటి? పొద్దున్నుంచీ కరెంటు ఇస్తున్నాం!" అన్నారు మంత్రిగారు. "తలుపు మీద అంకె నూట పది అంటోంది. లోపల ఈ సూది డెబ్భై అంటోంది. ఏది నిజం?"

"రెండూ నిజమే బావా. తలుపు మీదది పెట్టెలో గాలి వేడి. సూది చెప్పేది మాంసం లోపలిది. తినేది మాంసాన్ని కాబట్టి..."

"ఈ సూది ఎవరు కొన్నారు?"

"నేనే."

"ఎవరి షాపులో?"

బావమరిది షాపు పేరు చెప్పాడు. పీఏ మంత్రిగారి చెవిలో ఏదో అన్నాడు. ఆ షాపువాడి తమ్ముడు ప్రతిపక్షంలో ఉన్నాడని తేలింది. మంత్రిగారు బరువుగా తల పంకించారు. వెంటనే ఎవరో వచ్చి సూది పీకేశారు, దానికోసం ఇంకోసారి తలుపు తెరిచారు. "నూట పది డిగ్రీలు సాధించాం!" అని మైకు చెప్పింది. చప్పట్లు మోగాయి. స్టేజీ వెనకనుంచి తెల్లపొగ మబ్బులా లేచింది.

బావమరిది దగ్గుకుంటూ, వైరు ఎక్కడైనా వదులైందేమో చూద్దామని దాన్ని పట్టుకుని స్టేజీ వెనక్కి వెళ్ళాడు. వైరు నాటకాల మిషన్ దాటింది. కరెంటు స్తంభం దగ్గరికొచ్చింది. అక్కడ ఆగుతుందనుకున్నాడు. ఆగలేదు. స్తంభాన్ని పలకరించనైనా పలకరించకుండా పక్కనించి పోయి, గోడ చాటున నిలబెట్టిన వ్యానులోకి దూరింది. వ్యానులో డీజిల్ జనరేటరు దడదడలాడుతోంది. పక్కనే స్టూలు మీద చీఫ్ ఇంజనీరుగారు టీ తాగుతున్నారు.

"సార్, ఇదేమిటి?"

"పొద్దున్నుంచీ దీని మీదే నడుస్తోందండీ" అన్నారాయన గర్వంగా. "మంత్రిగారి ప్రోగ్రాం పెట్టుకుని మా కరెంటుని నమ్ముకుంటామా? ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది."

"మరి ఊళ్ళో కరెంటు ఎందుకు తీశారు?"

చీఫ్ ఇంజనీరుగారు అతనివైపు జాలిగా చూశారు. "జనరేటరు సంగతి మంత్రిగారికి తెలీదు కదండీ. ఊళ్ళో ఎక్కడా కరెంటు పోకపోతే ఆయనకి అనుమానం రాదూ?"

బావమరిది చేతిలోని వైరు వైపు చూసుకున్నాడు. ఇప్పుడే వెళ్ళి ఈ సంగతి చెప్పేస్తే? ఇంటికి కరెంటొస్తుంది. జనరేటరు ఆపేస్తారు. మాంసం చల్లారిపోతుంది. అతను వైరు మళ్ళీ నేల మీద పెట్టాడు, ఎవరి కాలికీ తగలకుండా, జాగ్రత్తగా. తిరిగొచ్చి పెట్టె ముందు కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నపు ఎండకి నాయకులంతా భోజనాలకి వెళ్ళిపోయారు. ఎవ్వరూ తలుపు తెరవలేదు.

అందుకే కాబోలు, సాయంత్రానికి మాంసం అద్భుతంగా కుదిరింది.

పైన నల్లగా పెచ్చుకట్టింది. ఎముక పట్టుకుంటే ఊడొచ్చింది. "ఓ గంట గుడ్డలో చుట్టి పక్కన పెడదాం బావా, రసం లోపలికి ఇంకుతుంది" అని బతిమాలాడు బావమరిది. మంత్రిగారికి వార్తల టైమవుతోంది. పొద్దున రిబ్బను కోసిన కత్తెరతోనే మాంసం కోశారు. రసమంతా స్టేజీ మీద కారింది. అయినా తిన్నవాళ్ళు వేళ్ళు నాక్కున్నారు. నిష్పక్షపాతంగా రాసే విలేకరి ఒకాయన రెండోసారి పళ్ళెం చాపాడు. "నిప్పు లేదు, పొగ ఉంది, కరెంటు పోలేదు!" అని మంత్రిగారు రెండు చేతులూ ఎత్తారు. బావమరిదిని పక్కకి లాగి ఫోటో తీయించుకున్నారు. ఆ ఫోటోలో అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. తెల్లపొగ వల్ల కావచ్చు.

*

ఒక ముక్క రేకు కాగితంలో చుట్టుకుని ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు వరండాలో కుర్చీలో కూర్చుని పేపరుతో విసురుకుంటున్నారు. పక్క ఫ్లాట్ల వాళ్ళు గునపం పెట్టి లిఫ్ట్ తలుపు విడగొట్టి, స్టూలు వేసి దింపారట. భార్య అతనివైపు చూడలేదు. అతను పొట్లం విప్పి అత్తగారి ముందు పెట్టాడు.

ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుని నిదానంగా నమిలారు.

"బాగా ఉడికింది" అన్నారు. "నాలాగే."

ఆ రాత్రి అతనికి ఆ ఇంట్లో ఇంకెవరూ ఏమీ చెప్పలేదు. అన్నం మాత్రం పెట్టారు.

మర్నాడు పేపర్ల నిండా మంత్రిగారే. ఆ వారం ఇంకో విశేషం బయటపడింది. ఆదివారం నాడు ఊళ్ళో కరెంటు వాడకం ఎన్నడూ లేనంత తక్కువగా నమోదైంది. పొదుపు విషయంలో ప్రజల్ని ఇంతగా చైతన్యపరిచిన మంత్రి మరొకరు లేరని పార్టీ పెద్దాయన స్వయంగా ఫోన్ చేసి అభినందించారు. ట్రాన్స్‌ఫార్మర్ల గొడవ అక్కడితో ముగిసింది. చీఫ్ ఇంజనీరుగారికి ప్రమోషన్ వచ్చింది. నాటకాల మిషన్‌వాడికి మాత్రం ఏమీ రాలేదు.

పది రోజుల తర్వాత, పొద్దున్నే టీ తాగుతుండగా బావమరిదికి ఫోన్ వచ్చింది. ఈమధ్య అతను స్పీకర్ పెట్టే మాట్లాడుతున్నాడు. ఇంట్లో అలా అయితేనే నమ్ముతున్నారు.

"ఒరేయ్ బామ్మర్దీ! పెద్దాయన నాకు ఇంకా పెద్ద శాఖ ఇచ్చార్రా. మంచినీళ్ళ సరఫరా! మొన్న కరెంటులో చూపించిన సమర్థత నీళ్ళల్లో కూడా చూపించమన్నారు. ఈసారి దుమ్ము లేచిపోవాలి. నీ దగ్గర నీళ్ళతో వండే మిషనేదైనా ఉందా?"

బావమరిది టీ గ్లాసు కింద పెట్టాడు. అతని ముఖంలోకి ఆదివారం నాటి వెలుగు వచ్చింది.

"ఉంది బావా! మాంసాన్ని కవర్లో పెట్టి, గాలి తీసేసి, వెచ్చటి నీళ్ళలో ముంచి ఉంచాలి. నీళ్ళు లోపల తిరుగుతూనే ఉంటాయి. ఒక రోజంతా పడుతుంది గానీ, వెన్నలా..."

"నీళ్ళెన్ని పడతాయి?"

"ఓ పెద్ద గిన్నెడు చాలు బావా."

"ఊరుకోరా, అవన్నీ నీకెందుకు! చీఫ్ ఇంజనీర్ని నాతోపాటే తీసుకెళ్తున్నాను. ఆయన చూసుకుంటాడు."

బావమరిది ఆనందంగా వెనక్కి తిరిగాడు. భార్య అక్కడ లేదు. వంటింట్లో అత్తగారూ ఆవిడా ఒక్క మాట కూడా అనుకోకుండా బకెట్లు, బిందెలు, డేగిసాలు, చివరికి టిఫిన్ డబ్బా మూతలు కూడా తెచ్చి పంపు కింద వరసగా పెడుతున్నారు.